జానెడు వదులు

ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది... కాళ్లు వణుకుతున్నా సాయన్న లెక్క తప్పలేదు. వాగు ఒడ్డున పొట్టి ఈతచెట్టును నిలువెత్తు ఎక్కడం, దిగడం. ఎవరైనా అటు వస్తే గబుక్కున కూర్చుని కత్తి నూరుతున్నట్టు నటించేవాడు. కల్లుగీతలోనే పుట్టి పెరిగినవాడు, నలభై ఐదేళ్లకు చెట్టెక్కడం నేర్చుకుంటున్నాడంటే తల ఎక్కడ పెట్టుకోవాలి?

నిరుడు కాలు విరిగి ఆరునెలలు మంచంలో ఉన్నాడు. కాలు అతుక్కుంది గానీ పొట్ట పెరిగింది. చెట్టెక్కేటప్పుడు చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే పాత మోకు తాడు అందలేదు. తన మోకుకు తానే ముడి వేసుకోకూడదని, తోటి గీతగాడే వేయాలని వాళ్లింటి పట్టింపు. బావమరిది హన్మంతు జానెడు వదిలి ముడి వేస్తూ అందరి ముందూ అన్నాడు.

"బావా, నువ్వెక్కితే తాడిచెట్టు కుంగుతది. జర దాని మీద దయ సూపు!"

అందరూ నవ్వారు. సాయన్న కూడా నవ్వాడు. అలా నవ్వినందుకే ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. సంస్థానం కచేరీలో చెట్లు వేలం పాడుకున్న గుత్తేదారు మాత్రం నవ్వలేదు.

"రెండు నెలలు సూస్త. పాన్‌గల్ తొవ్వల పెద్ద తాడి ఎక్కకుంటె నీ చెట్లు హన్మంతుకే."

అప్పటినుంచి పొద్దున అంబలి, రాత్రి సగం రొట్టె. ఎవరైనా చిక్కిపోయావేమని అడిగితే జ్వరమొచ్చిందనేవాడు.

ఈ రోజే ఆ పెద్ద తాడి ఎక్కాలి. వాగు నుంచి ఇంటికొచ్చి మోకు తొడిగి చూసుకుంటుంటే, నడుముకూ తాడుకూ మధ్య భార్య తిమ్మమ్మ పిడికిలి దూరింది.

"గింత వదులైందేందయ్యా? హన్మంతుతోని బిగిపియ్యరాదు?"

"ఏమని అడగాలె? బక్కగయ్యెటందుకు ఉపాసమున్న, ముడెయ్యిరా అనాల్నా? ఊరంత నవ్వుతది. దిగినంక అడుగుతలే."

తాడిచెట్టు సగం దాటేసరికే కింద మాటలు ఆగిపోయాయి.

"అరె బావా! ఉడుత లెక్క పోతున్నవు గదా!"

హన్మంతు గొంతులో ఎగతాళి లేదు. ఏడాదిలో మొదటిసారి సాయన్న సిగ్గుపడకుండా నవ్వుకున్నాడు. గెల దగ్గర, ఎప్పటిలాగే రెండు చేతులూ వదిలి, కల్లుకుండ లొట్టి కట్టడానికి మోకు మీదికి వెనక్కి వాలాడు. నడుముకు ఆనవలసిన తాడు ఆనలేదు.

పొద్దుగూకకముందే సాయన్నను మట్టిచేసి వచ్చారు. మోకు దింపుదామని హన్మంతు మూడుసార్లు ఆ చెట్టు మొదలుదాకా వెళ్లి, ఎక్కలేక తిరిగొచ్చాడు. పైన మట్టకు చిక్కుకున్న మోకు, అతను వేసిన ముడితోనే, లావుపాటి మనిషి నడుమంత గుండ్రంగా గాలికి ఊగుతోంది.