వెపియా గడ్డం

రండి, ఇంకా దగ్గరికి జరగండి. వేరుశనక్కాయలు ఒలిచేవాళ్ళు కాసేపు చేతులాపండి, కబుర్లాడేవాళ్ళు నాలుక మడిచి బుగ్గన దాచుకోండి. వెపియా గడ్డం నిలిచిందో రాలిందో చెబుతాను.

మా కస్సేనా ఊళ్ళలో మట్టిగోడ లేపేది మగవాళ్ళు, పూసేది ఆడవాళ్ళు. ఆ ఏడు వెపియా ఊరందరి సజ్జ విత్తనాలకూ కలిపి ఒకే గాదె కట్టాడు. దాని మీద మూత పెట్టడానికి ఎక్కినవాడు దిగేసరికి వాడి కొడుక్కి మీసాలొచ్చాయట, అంత ఎత్తు. విత్తనాలు లోపల పోసేశారు, ఆడవాళ్ళు పేడమట్టి పూశారు. ఇక నేరే అనే చెట్టు కాయల పొట్టు కాచిన కషాయం చీపుళ్ళతో చల్లాలి. అది పడకపోతే ఒక్క వానకి గోడ జావైపోతుంది.

సరిగ్గా అప్పుడే, జొన్నకల్లు దగ్గర కూర్చుని వెపియా నోరు జారాడు.

"వాళ్ళు గోడకి మొహం కడుగుతారంతే. నిలబెట్టింది నేను."

కల్లు నురగ ఆరకముందే ఆ మాట ఊరు చుట్టొచ్చింది. ఆడవాళ్ళు చీపుళ్ళు కింద పడేసి నీడన కూర్చున్నారు.

తూర్పున మబ్బు లేచింది. ఎంత నల్లదంటే, కోళ్ళు పట్టపగలే గూళ్ళెక్కాయి. వెపియా పరుగున పెళ్ళాం దగ్గరికి వచ్చాడు.

"కాపొరా, లే. విత్తనాలు తడిస్తే ఊరు విత్తేదేముంది?"

"నిలబెట్టింది నువ్వేగా," అంది కాపొరా. "నిలబడమను."

"నీకు దణ్ణం పెడతా."

"దణ్ణాలతో కషాయం పలచనవదు. నీళ్ళు కావాలి." ఖాళీ కుండ అతని వైపు దొర్లించింది.

ఊరి పెద్ద అపియు కర్ర నేలకు కొట్టాడు. "ఒరే, నెత్తిన కుండెత్తిన మగాడికి గడ్డం రాలిపోద్ది. మా తాతే చెప్పాడు."

వెపియా ఒకసారి గడ్డం నిమురుకున్నాడు. తర్వాత కుండ నెత్తికెత్తి చెలమ వైపు ఉరికాడు. అతని వెనక ఒకడు, వాడి వెనక పదిమంది. కుండలు రాగానే చీపుళ్ళు లేచాయి. కాపొరా ఆఖరి చీపురు విదిల్చిందో లేదో, మొదటి చినుకు గుడ్డంత లావున ఆమె భుజాన పడింది.

ఇక కురిసింది చూడండి, చెలమలో కప్పలు చెట్లెక్కాయి. ఆడా మగా గాదె చుట్టూ చేరి, గోడకు వీపులానించి నిలబడ్డారు. మట్టి ఎప్పుడు మెత్తబడుతుందోనని వెపియా అరచేత్తో తడుముతూనే ఉన్నాడు. మెత్తబడలేదు.

వాన వెలిశాక కాపొరా పైకెక్కి మూత తీసి, గుప్పెడు సజ్జలు తెచ్చి అతని దోసిట్లో పోసింది. గలగలమన్నాయి.

"నిలబెట్టిందెవరు?" అంది.

"నిలబెట్టాం," అన్నాడు వెపియా.

అపియు దగ్గరికొచ్చి, అతని గడ్డం పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు. ఒక్క వెంట్రుకా రాలేదు.

"అయితే," అన్నాడు ముసలాయన, "ఆ కుండ మగదై ఉంటుంది."