కుడికి తిప్పితే ఎడమకు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా కాలమైంది. దాని మీద పడవ ఉంది. మేం గోడవారగా కుర్చీలు వేసుకుని, కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటాం. గజం పొడవు పడవ, దాని నెత్తిన మనిషి ఎత్తు కొయ్య, ఆ కొయ్యకు నేను పాత గొడుగు గుడ్డతో కుట్టిన రెండు తెరచాపలు. ఇంజను లేదు, గాలే నడపాలట. ఇంజను లేనిదానికి రిమోట్ ఎందుకని అడిగితే, చుక్కాని తిప్పడానికీ, తెరచాప తాడు బిగించి వదలడానికీ అన్నారు మా ఆయన. సగం అర్థమైంది. మిగతా సగం అడిగితే భోజనం చల్లారిపోతుందని ఊరుకున్నాను.

ఈ పని పెట్టించింది నేనే. అమ్మ పోయాక నాన్నను మా ఇంటికి తెచ్చుకున్నాను. నాన్న బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేశాడు. మా ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తారు. ఇద్దరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు. పెద్దాయన దగ్గర నోరు జారుతానేమోనని ఈయనకు భయం, అల్లుడి ఇంట్లో పెత్తనం చేసినట్టుంటుందేమోనని ఆయనకు భయం. ఎదురెదురుగా కూర్చుని, "మీ ఆయన్ని కాఫీ తాగమనమ్మా", "మీ నాన్నగారికి ఫ్యాన్ వెయ్యాలేమో కనుక్కో" అని నాతో అనేవారు. నేను అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఇద్దరి చేతులకూ ఒకే పని అప్పగిస్తే నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయని ఆశపడ్డాను. చేతులైతే కలిశాయి. నోళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. "ఆ జిగురు డబ్బా ఇటివ్వమని చెప్పమ్మా" అనేవాడు నాన్న, డబ్బా మా ఆయన మోచేతి దగ్గరే ఉండగా.

పలచటి చెక్క బద్దలు అంటించి పడవ పొట్ట కట్టిందీ, చుక్కాని చేసిందీ నాన్న. రిమోట్, తీగలు, మోటార్లు మా ఆయన వంతు. అంతా బిగించాక మొదలైంది గందరగోళం.

ఒక మధ్యాహ్నం నాన్న నన్ను పిలిచి గొంతు తగ్గించాడు.

"కుడికి తిప్పితే చుక్కాని ఎడమకి పోతోందమ్మా. మోటారుకి తగిలించిన కడ్డీని రెండో వైపుకి మార్చా. ఇప్పుడు సరిగ్గా తిరుగుతోంది. మీ ఆయనతో అనకు. తీగలు తను కలిపాడు కదా, తప్పు పట్టాననుకుంటాడు."

నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా సరేనన్నాను.

మర్నాడు పొద్దున అదే చుక్కాని మళ్ళీ తప్పుగా తిరిగింది. నాన్న రిమోట్ పట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

"నిన్న మార్చాను కదా?"

"మార్చావు నాన్నా. నేను చూశాను."

మధ్యాహ్నం కడ్డీని మళ్ళీ మొదటి వైపుకే మార్చాడు. సరిగ్గా తిరిగింది. ఆ మర్నాటికి మళ్ళీ తప్పు. ఎడ్డెమంటే తెడ్డెమనే మనుషుల్ని చూశాను గానీ, పడవను చూడటం అదే మొదలు. దాని ధర్మమా అని నాకూ కుడి ఎడమలు తెలియకుండా పోయాయి. కుట్టుపనికి ఎవరో తెచ్చిచ్చిన జాకెట్టుకి ఏ చెయ్యి పొడుగు తగ్గించమన్నారో మర్చిపోయి రెండూ తగ్గించాను.

నేను నవ్వుకున్నాను. నాన్న నవ్వలేదు. "మీ పెదనాన్నకీ ఇలాగే మొదలైందమ్మా" అన్నాడు. పెదనాన్న చివర్లో కన్నపిల్లల్ని కూడా గుర్తుపట్టలేదు.

ఆ వారం చివర్లో ఇంకో మాట చెప్పాడు. పెద్దవాళ్ళను చూసుకునే హోమ్ ఒకటి ఉందట, వెళ్ళి గది కూడా చూసుకొచ్చాడట. "ఆదివారం పార్కు చెరువులో పడవ వదులుదాం. సోమవారం నేను వెళ్ళిపోతా. అల్లుడి చేత చాకిరీ చేయించుకునే రోజు రాకముందే పోవాలి. తనకి మాత్రం చెప్పకు, మొహమాటానికి ఉండమంటాడు."

నాన్న వెళ్ళడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఆ మాటే అని ఏడ్చాను. ఆయన నా తల నిమిరి చెప్పులేసుకుని సాయంత్రం నడకకు వెళ్ళాడు. ఆయన గుమ్మం దాటాడో లేదో, మా ఆయన బల్ల దగ్గరికి వచ్చి రిమోట్ వెనక్కి తిప్పి, గోటితో ఏదో కదిపారు.

"ఏం చేస్తున్నారు?"

"చుక్కాని ఉల్టా తిరుగుతోంది. ఇందులో చిన్న మీట ఉంది, ఇటు జరిపితే సరిపోతుంది. మీ నాన్నగారితో అనకు. చుక్కాని ఆయన బిగించింది, పెద్దాయన్ని తప్పు పట్టినట్టుంటుంది. ఆయన స్నానానికెళ్ళినప్పుడు పొద్దున ఓసారి తిప్పి చూస్తా, మార్చేలోపు వచ్చేస్తారు. అందుకే సాయంత్రం మారుస్తున్నా."

"మార్చాక తిప్పి చూశారా?"

"ఎలా చూడను? రోజూ ఈ వేళకి బ్యాటరీలు చార్జింగ్‌లో ఉంటాయి. ఈ వారమంతా మారుస్తూనే ఉన్నా. తెల్లారేసరికి మళ్ళీ మొదటికొస్తోంది. రిమోట్ పాడైనట్టుంది."

నేను ఊఁ అన్నాను. నా గోల నాది. కడ్డీ పడవలో ఉంది, మీట రిమోట్‌లో ఉంది. ఆ రెండింటికీ చుట్టరికం ఉందని నాకు తట్టలేదు.

ఆదివారం చెరువు దగ్గర గాలి బాగానే ఉంది. మా ఆయన మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి పడవను వదిలి, గట్టెక్కి నా పక్కన నిలబడ్డారు. తెరచాపలు నిండాయి. పడవ ఒక పక్కకు ఒరిగి, చప్పుడు లేకుండా సాగిపోయింది. నేను కుట్టిన గుడ్డే దాన్ని లాక్కుపోతోందంటే నమ్మబుద్ధి కాలేదు. రిమోట్ నాన్న చేతిలో ఉంది. ముందు రాతి మెట్లు వచ్చాయి. తప్పించడానికి కుడికి తిప్పాడు. పడవ ఎడమకు తిరిగి నేరుగా రెల్లుగడ్డిలోకి దూరింది.

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. రిమోట్ నా చేతిలో పెట్టాడు. "ఇది మీ ఆయనకివ్వమ్మా. నిన్న మధ్యాహ్నం సరిచేశా, నాకు బాగా గుర్తు. ఇంక నా బుర్రని నమ్మడానికి లేదు."

రెండో పక్క నుంచి మా ఆయన నా చెవిలో అన్నారు. "మీ నాన్నగారితో అనకు. నిన్న సాయంత్రం కూడా మీట మార్చాను కదా, మరి ఇదేమిటి?"

మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు. అప్పుడు వెలిగింది నాకు. వెలగగానే ఒళ్ళు మండింది.

"నాన్న కడ్డీ మార్చాడు. మీరు మీట మార్చారు. రోజూ ఇద్దరూ మార్చారు. పెద్దాయన తన మతి పోతోందని హోమ్‌లో గది చూసుకొచ్చాడు, రేపే ప్రయాణం. మీ కబుర్లు మొయ్యడం ఇంక నా వల్ల కాదు. మీరూ మీరూ తేల్చుకోండి."

నాన్న అల్లుడి వైపు తిరిగాడు.

"మీటా?"

"అవునండీ. మీరు కడ్డీ మార్చారా?"

"రోజూ మధ్యాహ్నం."

"నేను సాయంత్రం."

"అంటే నేను సరిచేసిందాన్ని నువ్వు చెడగొట్టావు."

"సరిచేస్తున్నాననే అనుకున్నా మామయ్యా."

"అయితే నా బుర్ర..."

"దానికేం? ముందు చూడాల్సింది నా బుర్ర. వారం పాటు తిప్పి చూడకుండా మార్చుకుంటూ పోయా."

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళే ఎక్కువసేపు తుడుచుకున్నాడు. తర్వాత రిమోట్ నా చేతిలోంచి లాక్కుని, ఆయనే స్వయంగా అల్లుడికి ఇచ్చాడు.

"నువ్వే మార్చు. నేను ముట్టుకోను."

మా ఆయన మీట జరిపారు. ఈలోగా గాలి కాస్త మళ్ళి, పడవ రెల్లులోంచి మెల్లగా బయటపడింది. కుడికి తిప్పితే కుడికి వచ్చింది.

"ఆ హోమ్ వాళ్ళకి రావట్లేదని చెప్పెయ్యండి" అన్నారు మా ఆయన, పడవ మీంచి చూపు తిప్పకుండా.

"చెప్తాలే. ముందు ఆ తాడు కాస్త వదులు, గాలి వృథాగా పోతోంది."

"ఇంతా?"

"ఇంకొంచెం. ఆఁ, అంతే."

నాకు నమ్మకం కుదరలేదు. "నిజంగా చెప్తావా నాన్నా?" అని అడిగాను.

నాన్న వెనక్కి తిరగనైనా లేదు.

"మేం మాట్లాడుకుంటున్నాం కదమ్మా, మధ్యలో నీకెందుకు" అన్నాడు.