కాస్త వదలమన్నాడు

పెరట్లో చెట్టు కొట్టడానికొచ్చిన ఇద్దరూ బావాబావమరుదులని ఇంటావిడకి ముందే తెలుసు. వాళ్ళకి కొన్నాళ్ళుగా మాటల్లేవన్న సంగతి మాత్రం బావ చెట్టెక్కాకే తెలిసింది. బంధువులింట్లో పదిమంది ముందు "మా బావకి వయసైపోయింది, ఇక చెట్లెక్కలేడు" అని బావమరిది నోరు జారాడట. ఆ రోజు నుంచీ బావ మాట మానేశాడు. పని మాత్రం మానలేదు, ఇద్దరుంటేనే జరిగే పని మరి.

ఇన్నేళ్ళూ ఇల్లంతటికీ నీడనిచ్చిన చెట్టే. మొదలుని చెద తొలిచేస్తే ఇంటి మీదికి ఒరిగింది. గాలి వీస్తే చాలు, ఆవిడకి కంటి మీద కునుకు ఉండటం లేదు.

బావ పైన మిషన్ రంపంతో కొమ్మ కోస్తాడు. కొమ్మకి కట్టిన తాడు పై పంగలోంచి దిగి కింద బావమరిది చేతిలో ఉంటుంది. బావ నడుముకి కట్టిన తాడు కొస కూడా అతని దగ్గరే, అదీ పై పంగలోంచే దిగి పెరట్లోని ఇనుప స్తంభానికి చుట్టి ఉంది. ప్రాణం తీసుకెళ్ళి బావమరిది చేతుల్లో పెట్టాడు గానీ, పలకరించడానికి మాత్రం నామోషీ!

రంపం హోరులో పైమాట కిందికి వినబడదు. సైగ చేద్దామంటే కిందివాడు తలెత్తి చూడడు. చివరికి ఆవిడే డాబా ఎక్కి, బావకి ఎదురుగా పిట్టగోడ దగ్గర నిలబడింది.

"ఆ చేతకాని వెధవని తాడు బిగించమనండమ్మా!"

ఆవిడ కిందికి వంగింది. "కాస్త బిగించమంటున్నారు బాబూ!"

"చేతులు పడిపోయాయా వాడికి? లాగి చావమనండి!"

"కొంచెం లాగుతావా అని అడుగుతున్నారు!"

ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని ఆవిడ చేసే ఉద్యోగమూ ఇదే. లోపల డాక్టరుగారు "పొమ్మను" అంటే, బయటికొచ్చేసరికి అది "కాసేపు కూర్చోండి" అవుతుంది. కొమ్మలు ఒక్కొక్కటీ బుద్ధిగా దిగుతుంటే ఆవిడకి హుషారొచ్చింది. "నీలా తాడు పట్టేవాడు ఇంకొకడు లేడంటున్నారు!" అని సొంతంగా ఓ మాట చేర్చేసింది. బావమరిది మొహం చేటంత అయింది. అప్పుడు మొదటిసారి తలెత్తి పైకి చూశాడు.

ఇక పెద్ద కొమ్మ మిగిలింది. ఇప్పటిదాకా కింద రేకుల షెడ్డు ఉంది కాబట్టి మెల్లగా దించారు. దీని కింద ఖాళీ నేలే. తెగీ తెగగానే తాడు పూర్తిగా వదిలెయ్యాలి. పట్టుకుంటే కొమ్మ ఊగి కోసేవాడి మీదికే వస్తుంది. ఏ కొమ్మ తెగుతోందో ఆకుల గుబురులోంచి కిందివాడికి కనబడదు. అతనికి ఆధారం ఆవిడ నోటి మాటే.

ఫెళఫెళమంది.

"వదిలెయ్యమనండి! మొత్తం వదిలెయ్యమనండి!"

"కాస్త వదలమంటున్నారు బాబూ!" ఆలోచన కంటే ముందు అలవాటే నోట్లోంచి వచ్చేసింది.

బావమరిది కాస్తే వదిలాడు. తాడు బిగిసింది. కొమ్మ గిర్రున తిరిగొచ్చి బావ తొడ మీద కొట్టింది. రంపం కింద పడి ఆగిపోయింది. పట్టు తప్పి బావ నడుం తాడు మీద గాల్లో వేలాడాడు.

బావమరిది కొమ్మ తాడు వదిలేసి రెండు చేతులతో నడుం తాడు అందుకున్నాడు. "కాస్త అన్నారు కదమ్మా!"

"మొత్తం అన్నారు బాబూ. 'కాస్త' నాది."

"పొద్దుట్నించీ ఆయనన్నవేవి, మీరన్నవేవి?"

"తిట్లు ఆయనవి. మర్యాద నాది."

"నాలా తాడు పట్టేవాడు లేడన్నది?"

అబద్ధమాడదామనుకుంది. తాడుకి వేలాడుతున్న మనిషిని చూసింది. "అదీ నాదే."

బావమరిది మొహం వాడిపోయింది. పైకి చూశాడు. "బావా! నన్నేమన్నావ్?"

ఇప్పుడు రంపం హోరు లేదు. ప్రతి మాటా కిందికి వినబడింది. "చేతకాని వెధవన్నాను."

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. తాడు అతని చేతిలోనే ఉంది.

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు పొగిడితే నువ్వు నమ్ముతావట్రా? కాలు విరిగినట్టుంది. దించు."

బావమరిది స్తంభం నుంచి ఒక చుట్టు విప్పాడు. "మెల్లగానా, గబగబానా?"

"మెల్లగా. నొప్పెడుతోందిరా."

"సరే. అరవకు."

అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, బావ జానెడు జానెడు దిగడాన్ని ఆవిడ చూస్తూ నిలబడింది.