రెండో సాంచె జాగా

టైల్స్ ఏ రంగువి తెమ్మంటావని అడిగినప్పుడు రాధ "నీ ఇష్టం" అంది. తలుపులు టేకువా, రెడీమేడ్‌వా అన్నప్పుడూ అదే మాట. భర్త సాయిలు పోయినప్పటి నుంచి ఆమె నోట ఆ మాటే వస్తోంది. అడిగే మరిది మహిపాల్‌కు విసుగొచ్చింది.

"గట్లంటె ఎట్ల వదినె? రేపు బాగలేదంటె నన్ననొద్దు."

"అనను."

సిరిసిల్లలో వాళ్ల ఇల్లు రెండు పక్కలా పొరుగువాళ్ల గోడల మధ్య ఇరుక్కుని సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కింది హాలంతా సాయిలు బట్ట నేసిన కరెంటు మగ్గాలు, రెండు సాంచెలే ఉండేవి. రెండూ పోయిన నెల పాత ఇనుము కింద పోయాయి. ఇప్పుడా హాలును మార్చి ముందు వైపు మహిపాల్ భార్య స్వర్ణలతకు బ్లౌజులు కుట్టే షాపు, వెనక రాధకో గది, పక్క నుంచి వంటింటికి తొవ్వ పెట్టాలి. పైన మహిపాల్ వాళ్లుంటారు.

మేస్త్రీ షౌకత్ నేల మీద సున్నంతో గోడల గీతలు పోశాడు. రాధ గది గీతల మధ్య టేపు పరిచి లేచాడు.

"మంచం పట్టదు మహిపాలన్నా. నిలవడి పండుకోవాలె."

"మంచమెందుకు భాయ్? అమ్మేద్దం. వదినె పైన మా పిల్లలతోని పండుకుంటది. ఈడ బీరువా పెట్టుకుంటది."

రాధ అక్కడే నిలబడి ఉంది. తన గురించే మాట్లాడుతున్నారని తెలుసు. బాధ కలగలేదు. పిల్లల గదిలో టీవీ ఆగినప్పుడు పడుకోవాలి, వాళ్లు లైటు వేసినప్పుడు లేవాలి. పగలు కాసేపు గోడవైపు తిరిగి పడుకుంటే ఏమైందక్కా అని ఎవరో ఒకరు వస్తారు. ఇవన్నీ ఇంకెవరి సంగతో అన్నట్టు ఆమెకు వరసగా తోచాయి.

స్వర్ణలత టీ పట్టుకొచ్చింది. వంటింటి గుమ్మం దాటి రెండడుగులు వేసి, పక్కకు జరిగి, కొంగు నడుముకు దగ్గరగా పట్టుకుని వంపు తిరిగి వచ్చింది. మహిపాల్ కూడా కప్పు ఇచ్చేయడానికి అదే వంపు తిరిగి వెళ్లాడు. కొంగు, లుంగీ రెండో సాంచెను తిప్పే బెల్టుకు చిక్కుతాయని అందరూ ఏళ్లుగా అలాగే నడిచారు. సున్నం గీత కూడా అలాగే వంగి ఉంది.

"మహిపాల్, తొవ్వ అటెందుకు తిప్పినవ్?"

"మరి ఎటుకెల్లి పోతరు? నడుమల సాంచె..." అని ఆగాడు.

షౌకత్ చేతులకంటిన సున్నం దులుపుకున్నాడు.

"నువ్వు చెప్పినవని పోసిన అన్నా. ఉత్తగ గంత జాగ ఇడిస్తే, ఆడ కూసోవెట్టి దావత్ ఇస్తవేమో అనుకున్న."

రాధ వీధి గుమ్మం దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి వంటింటి గుమ్మం దాకా తిన్నగా నడిచింది. రెండో సాంచె ఉన్న చోట ఆమె కాలు అలవాటుగా పక్కకు జరగబోయింది. అంతే. నేల మీద నూనె మరక, బోల్టులు పీకిన గుంటలు తప్ప ఏమీ లేవు.

"తొవ్వ గీత గిట్ల తిన్నగ పొయ్యి షౌకత్ భాయ్. అటు మిగిలింది నా గదిల కలుపు."

"నా షాపు చిన్నగైతదా అక్కా?" అంది స్వర్ణలత.

"కాదు."

షౌకత్ పాత గీతను చెప్పుతో చెరిపి కొత్తది పోశాడు. మంచం పట్టింది, పక్కన మనిషి నిలబడే చోటు కూడా మిగిలింది. సంతోషం వస్తుందేమోనని రాధ కాసేపు చూసింది. రాలేదు.

"తలుపుకు లోపట గడియ పెట్టు షౌకత్ భాయ్."

"లోపటెందుకక్కా?" స్వర్ణలత నవ్వబోయింది. "మేమేమన్న పరాయోళ్లమా?"

"పెట్టుమను" అంది రాధ మహిపాల్‌తో.

అతను వదిన ముఖంలోకి చూశాడు. అడగకుండానే ఆమె ఇది కావాలని చెప్పడం చాలా రోజుల తర్వాత ఈ రోజే. "పెట్టు భాయ్" అన్నాడు.

"ఎంత ఎత్తుల పెట్టాలమ్మా?"

రాధ ఖాళీలోకి చెయ్యెత్తి, అందిన చోట ఆపింది. షౌకత్ టేపు సాగదీసి కొలిచేదాకా అలాగే ఉంచింది.