కాగితాలు చేతిలో ఉండాలి

కారు మూడోసారి ఎగిరిపడి ఆగిపోయింది. పక్క సీట్లో కూర్చున్న మాస్టారు తన కాలి కింది రెండో బ్రేకు మీద నుంచి పాదం తీయకుండానే, "క్లచ్చి మీద కోపం తీర్చుకోకండమ్మా, అదేం చేసింది పాపం?" అన్నాడు.

స్టీరింగు పట్టుకున్న దర్జీ ఆవిడ పకపకా నవ్వింది. ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కిన కాలు ఆవిడది. దేన్ని తొక్కినా ఒకటే జోరు.

మాస్టారికి యాభై తొమ్మిదేళ్లు. ఆ డ్రైవింగ్ స్కూల్లో ఇరవై ఏడేళ్లుగా పక్క సీటే ఆయన ఆఫీసు. నడుము ఆ సీటు ఆకారానికి వంగిపోయింది. బ్రేకు తొక్కీ తొక్కీ ఒక పిక్క రెండోదానికంటే లావెక్కింది. ఇంట్లో టీవీ చూస్తూ కూడా, తెర మీద ఎవడైనా మలుపు వంకరగా తిప్పితే కాలు నేలకేసి నొక్కుతాడు. నిద్రలో తన్నులు తినలేక భార్య ఏనాడో వేరే మంచం వేసుకుంది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఊళ్లో రెండు వేలకు పైనే ఉంటారు. వాళ్లెవరూ గొప్పవాళ్లు కాలేదు, ఎవరినీ ఢీకొట్టనూ లేదు. ఆయన గర్వమంతా అంతే.

"ఇవాళ ఇదొకటి చదవాలట మీకు," అంటూ ఆయన జేబులోంచి మడత కాగితం తీశాడు. పోలీసులు ఆపినప్పుడు డ్రైవర్లు పాటించవలసిన పద్నాలుగు నియమాలు, పోలీసు శాఖ కొత్తగా పంపినవి. "నాలుగోది, ఏమాత్రం కదలకూడదు. తొమ్మిదోది, అడిగిన వెంటనే కాగితాలు చూపించాలి."

"కదలకుండా ఎలా చూపిస్తామండీ? కాగితాలకేమైనా కాళ్లొస్తాయా?"

మాస్టారికి ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇది రాసినవాడు జన్మలో బండి నడిపాడో లేదో. పద్నాలుగు నియమాలూ డ్రైవరుకే. తుపాకీ పట్టుకున్నవాడికి ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆరు వారాల కిందట, పట్టపగలు పదిన్నరకి, ఇండికేటరు బల్బు వెలగడం లేదని ఒక రొట్టెల వ్యానును పోలీసులు ఆపారు. నడుపుతున్నవాడు పక్కకి వంగి డ్యాష్‌బోర్డు అర తెరిచాడు. అధికారి "చేతులు!" అని అరిచాడు. వాడు చేతులెత్తాడు, చేతిలో ఉన్నదానితో సహా. రెండు గుళ్లు దిగాయి. చేతిలో ఉన్నది తుపాకీ కాదు, కాగితాల కవరని తేలింది. తేలినా వాదం ఆగలేదు. అడక్కముందే అర ఎందుకు తెరిచాడు? మనసులో ఏమీ లేకపోతే అంత తొందరేమిటి? టీవీలో ఎనిమిది గళ్లలో ఎనిమిది మంది కూర్చుని రోజూ సాయంత్రం ఇదే నమలడం. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. వీడికి ఆ భాగ్యం కూడా దక్కలేదు.

ఎందుకు తెరిచాడో మాస్టారికి తెలుసు. ఆయనే నేర్పాడు.

"పోలీసు ఆపగానే బండి పక్కకి తీయాలి. ఆయన మీ దగ్గరకి నడిచొచ్చేలోపు కాగితాలు చేతిలో ఉండాలి. పాపం, ఎండలో నిలబడి ఉంటాడు, కాయించకూడదు." ఇరవై ఏడేళ్లుగా ఇదే ఆఖరి పాఠం. పరీక్ష పాసైన ప్రతివాడికీ సొంత డబ్బుతో ఒక ప్లాస్టిక్ కవరు కొనిచ్చేవాడు, కాగితాలు నలగకుండా. మాసిపోదని ఎప్పుడూ నలుపే కొనేవాడు. నాలుగేళ్ల కిందట రొట్టెలబ్బాయికీ అలాగే ఇచ్చాడు. వాడు రెండు చేతులతో అందుకుని, "మీ మాట మరిచిపోను మాస్టారూ," అన్నాడు. మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది.

పోయిన వారం వాడి అక్క స్కూలుకి వచ్చింది. "అడక్కముందే ఎందుకు తీశాడు మాస్టారూ? మా అమ్మ రోజూ నన్ను అదే అడుగుతోంది. మీకేమైనా తెలుసా?" అంది. "చూద్దాం తల్లీ," అన్నాడు. ఏం చూస్తాడు? ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్తుంటే సిగ్గుతో చచ్చిపోయాడు.

మధ్యాహ్నం కారు తెచ్చి నిలిపి, స్కూలు యజమాని గదిలోకి వెళ్లి, నాలుగింటికి రొట్టెలబ్బాయి చావు మీద జరిగే బహిరంగ విచారణకి వెళ్తున్నానని చెప్పాడు. అతను పాత యజమాని కొడుకు. ఈ మాస్టారి దగ్గరే బండి నేర్చుకున్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల మాస్టారూ? వచ్చే నెల మన పర్మిట్టు రెన్యువల్ ఉంది. మీరక్కడ నోరు విప్పితే ఆఫీసు చుట్టూ తిప్పి చంపుతారు నన్ను. పైగా ఆ స్కూల్లో నేర్చుకున్నవాడు చచ్చాడంటారు జనం."

"చచ్చాడు కదా బాబూ."

యజమాని పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. "వెళ్తే మరి రేపట్నుంచి రావద్దు. నా పరిస్థితి అర్థం చేసుకోండి."

మాస్టారు అర్థం చేసుకున్నాడు. కారు తాళం గోడ మీది కొక్కేనికి తగిలించాడు. కొత్త కవర్ల కట్టలోంచి ఒకటి తీసి చేతిసంచిలో వేసుకుని, బస్సెక్కాడు. బస్సు డ్రైవరు మలుపు దగ్గర ఆలస్యంగా తొక్కాడు. మాస్టారి కాలు ముందే నొక్కేసింది.

హాల్లో ముప్పై ఒకటో నంబరు చీటీ ఇచ్చారు. మనిషికి మూడు నిమిషాలు, తర్వాత బెల్లు. ఒకాయన గణాంకాలు చదివాడు. ఇంకొకాయన సంస్కృతి గురించి మాట్లాడాడు. ఒక పోలీసు లేచి, "పోయినేడాది నా తోటివాడు ఒక కారు అద్దం దగ్గర వంగినవాడు వంగినట్టే పోయాడండీ. లోపలివాడి చెయ్యి కనబడకపోతే మాకు భయం వెయ్యదా?" అన్నాడు. ఆ గొంతులో బూటకం లేదు. రొట్టెలబ్బాయి అక్క ముందు వరసలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

మాస్టారు మైకు ముందుకి వెళ్లాడు. రాసుకున్నది ఏమీ లేదు. అలవాటు ప్రకారం, నోటికంటే ముందు చెయ్యి కదిలింది. గబుక్కున సంచిలో చెయ్యి పెట్టాడు.

గోడ పక్కన నిలబడిన కానిస్టేబులు చెయ్యి నడుము దగ్గరకి పోయింది. "చెయ్యి బయటికి తియ్యండి!"

మాస్టారు కదల్లేదు. ఇరవై ఏడేళ్లు బ్రేకు తొక్కిన కాలు మాత్రం నేలకేసి నొక్కేసింది. కానిస్టేబులు తల దించుకుని మెల్లగా చెయ్యి తీసేశాక, ఆయన కవరు బయటికి తీశాడు.

"భయం వెయ్యొచ్చు నాయనా, తప్పు లేదు," అన్నాడు అతనితోనే. "తాడుని చూసి పామనుకోవడం ఎవరికైనా ఉన్నదే. కొట్టేశాక కూడా తాడే పాములా కదిలిందని వాదిస్తున్నారు చూడండి, అదే నాకు ఎక్కడో కాలుతోంది." తర్వాత ముందు వరస వైపు తిరిగాడు. "అమ్మా, అడక్కముందే ఎందుకు తీశాడని అడిగావు. నేను నేర్పాను. పోలీసుని ఎండలో కాయించకూడదని నేర్పాను. మీ తమ్ముడు మర్యాద చేశాడు, అంతే. ఆ మాట ఆ రోజే చెప్పాల్సింది. భయపడ్డాను. మీ అమ్మగారికి చెప్పు."

బెల్లు మోగింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆరు వారాల్లో పదిమంది ముందు ఆమె ఏడవడం అదే మొదలు.

"వస్తువులు తీసుకునే పద్ధతి లేదండీ, మాటలే రాసుకుంటాం," అన్నాడు బల్ల దగ్గరి గుమాస్తా. మాస్టారు వినిపించుకోలేదు. కవరు బల్ల మీద పెట్టి, జనం మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. రేపు పొద్దున ఎక్కడికి పోవాలో ఆయనకి తెలియదు.

ముప్పై రెండో నంబరు పిలిచారు. మంచినీళ్ల సీసాకీ బెల్లుకీ మధ్య నల్ల కవరు అలాగే పడి ఉంది. అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.