కట్టని దుకాణం నీడ

వనపర్తి బస్సు పొద్దున ఎనిమిదిన్నరకని పేరే గాని, తొమ్మిది దాటితే తప్ప రాదు. గోపాల్‌పేట దాటాక వచ్చే ఆ స్టేజీ దగ్గర చెట్టూ లేదు, షెడ్డూ లేదు. అయినా బస్సు కోసం వచ్చినవాళ్ళంతా నీడలోనే కూచుంటారు. రోడ్డు పక్కన పెంటయ్య జాగాలో పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పున ఆ నీడ పడుతుంది. పొద్దునపూట పడమటికి సాగుతుంది, మధ్యాహ్నం దగ్గరికి ముడుచుకుంటుంది, సాయంత్రం తూర్పుకు వాలుతుంది. పైన చూస్తే ఉత్త ఆకాశం. కోళ్ళు అందులో పడుకుంటాయి. కొత్తగా వచ్చిన కండక్టర్ ఒకతను ఇదేమిటని అడిగితే, దినేష్ దుకాణం నీడ అని చెప్పారు. అతను సరేనని టికెట్లు కొట్టుకున్నాడు.

దినేష్ పెంటయ్య, తిమ్మమ్మల ఒక్కగానొక్క కొడుకు. ఆత్మకూరులో గులాం రసూల్ దగ్గర రెండేళ్ళుండి, కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టడం నేర్చుకున్నాడు. ఊరికి వచ్చి ఆ జాగాలో సున్నంతో గీతలు గీసి, ఇక్కడ దుకాణం పెడతానన్నాడు. పెంటయ్య ఒప్పుకోలేదు. చదువుకున్న పిల్లవాడి చేతులకు నూనె మరకలేమిటని, కానిస్టేబుల్ కోచింగ్‌కు హైదరాబాద్ పంపాడు. దినేష్ ఎదురు చెప్పకుండా పోయాడు. హాస్టల్లో జ్వరమొచ్చింది. దవాఖానలో తొమ్మిది రోజులున్నాడు, పదో రోజు అంబులెన్సులో ఊరికి వచ్చాడు. దినాల నాడు చుట్టాలు బస్సు కోసం స్టేజీ దగ్గరికి పోయేసరికి, సున్నం గీతలున్నంత మేర నీడ పడి ఉంది.

రెండేళ్ళయింది. తిమ్మమ్మ రోజూ మధ్యాహ్నం పోయి ఆ నీడలో కూచుని పల్లీలు ఒలుస్తుంది. పెంటయ్య మాత్రం అందులో కాలు పెట్టలేదు. అటు కన్నెత్తి చూడకుండా ఎండలోనే నిలబడి బస్సెక్కుతాడు. మొండి మనిషి అనుకునేవాళ్ళు అనుకున్నారు. అది మొండితనం కాదు, భయం.

ఈ ఏడు ఎండాకాలంలో కల్వకుర్తి నుంచి మానస అనే అమ్మాయి వచ్చింది. సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునే పిల్లలకు ఆరునెలలు పని నేర్పి, దుకాణం ఎట్లా నడపాలో కూడా చెప్పే చదువు ఆమె నడుపుతుంది. ఊరు తోడు రాకపోతే ఆ చదువు నిలబడదని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో చాయ్ ఇచ్చారు, గది మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కమ్యూనిటీ హాలు నిండా వడ్ల బస్తాలు. "మా పిల్లలు నౌకరీ చెయ్యాలె గాని, దుకాణంల కూసునుడేంది మేడం" అన్నారు. ఎట్లాగో తొమ్మిది మంది పేర్లిచ్చారు. మొదటి పేరు కుబ్రా బేగం కూతురు సాదియాది. గులాం రసూల్ రెండు బస్సులు మారి వచ్చి మోటారు పని నేర్పుతానన్నాడు గాని, పైన కప్పు ఉండాలన్నాడు. తీగకు వానా దుమ్మూ తగిలితే మోటారు నిలవదు.

మానస, గులాం రసూల్, పిల్లలు అందరూ కలిసి స్టేజీ దగ్గరి జాగా అడగడానికి పెంటయ్య ఇంటికి పోయారు.

"నీడ ఉండనే ఉంది గద, కూసోండ్రి. నేను వద్దంటినా?" అన్నాడు పెంటయ్య.

"నీడ వానను ఆపదు కాకా. నాలుగు గుంజలు పాతి రేకులేసుకుంటం" అంది మానస.

"రేకులేస్తె గా నీడ ఏమైతది?"

 నీడ మీద ఇంకో నీడ పడితే పాతది మిగలదని అందరికీ తెలుసు. గులాం రసూల్ తల దించుకున్నాడు.

"వాని బట్టలు గూడ ఇచ్చేసినం. వానిది ఇంకేం లేదు మా దగ్గర. నేనియ్య" అన్నాడు పెంటయ్య.

వాళ్ళు వెళ్ళిపోయాక తిమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "జర నా ఎంబడి రా" అంది.

స్టేజీ దగ్గరికి పోయేసరికి నాలుగు దాటింది. నీడ తూర్పుకు సాగి, దాని అంచున బోర్డు నీడ కూడా నేల మీద పడి ఉంది. ఇనుప కడ్డీలు వంచి చేసిన అక్షరాలు, తలకిందులుగా. పెంటయ్య అటు తిరిగి ఇటు తిరిగి, కూడబలుక్కుంటూ చదివాడు. పెంటయ్య మోటార్ వైండింగ్.

"నా పేరు పెట్టిండా?"

"'నా పేరు చూసి ఎవరొస్తరమ్మా, నాయిన పేరైతె మండలమంత ఎరుక' అన్నడు. నీకు చెప్పెతందుకు భయపడ్డడు."

రెండేళ్ళుగా ఊరంతా రోజూ సాయంత్రం ఆ పేరు చదువుతోంది. బడి పిల్లలు సైతం ఆ అక్షరాలు తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు. పెంటయ్యకు చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

అతను మొదటిసారి ఆ నీడలోకి పోయాడు. లోపల చల్లగా ఉంది. పొద్దుగూకి నీడ చీకట్లో కలిసిపోయేదాకా కూచున్నాడు. మర్నాడు గుంజలకు తనే గుంతలు తవ్వాడు. చాయ్ ఇచ్చి పంపినవాళ్ళే గుంజలు మోసుకొచ్చారు.

రేకులు వేసిన రోజు తిమ్మమ్మ లోపలే కూచుంది. ఒక్కో రేకు పడుతుంటే మామూలు నీడ వచ్చి పాత నీడను కప్పేస్తోంది. చివరి రేకు దగ్గర నిచ్చెన మీదున్న శివశంకర్, ఆ తొమ్మిది మందిలో ఒకడు, ఆగిపోయాడు.

"అత్తా, ఎయ్యాల్నా?"

"ఎయ్యి బిడ్డా" అందామె.

ఆ సాయంత్రం అక్షరాలు పడలేదు. పెంటయ్య ఇంట్లో పొయ్యి వెలగలేదు.

చదువు మొదలైన ఐదో నెలలో, పల్లికాయ ఊరే రోజుల్లో, పెంటయ్య బోరు మోటారు కాలిపోయింది. నాలుగు రోజుల్లో నీళ్ళు పారకపోతే పంట పోయినట్టే. ఆటోలో వేసుకుని షెడ్డుకు తెచ్చాడు. లోపల సాదియా ఒక్కతే ఉంది.

"ఉస్తాద్ రేపొస్తడు కాకా. ఆయన చేస్తడు."

"నువ్వే చుట్టు బిడ్డా."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇప్పటిదంక పనికిరాని మోటార్లే చేసిన. ఇది మళ్ల కాలిపోతే?"

"కాలితే మళ్ల చుట్టు. నేనీడనే ఉంట."

దినేష్ పని నేర్చుకుని ఊరికి వచ్చిన వారానికి ఇదే మోటారు కాలింది. కొడుకు వాకిట్లో నిలబడి చూస్తుండగానే, పెంటయ్య దాన్ని వేరేవాళ్ళతో చుట్టించడానికి ఆటోలో వేసుకుని వనపర్తికి పోయాడు. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. అతనొక్కడే మరిచిపోలేదు.

పెంటయ్య గడప దగ్గర కూచుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సాదియా చూడనట్టే ఉండి, రాగితీగ కొస అందుకుని మొదటి చుట్టు వేసింది.