మారుపేరు లేని కాగితం

లోర్నా మంచం మీద సంచి పెట్టుకుని బట్టలు సర్దుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పది గంటలకు బస్సు. ఆ పిల్ల మడత పెట్టే ఒక్కో చొక్కానూ లెక్కపెడుతున్నాను.

నాలుగు రోజుల కిందట కెనడా నుంచి వచ్చి నా తలుపు తట్టి, వాళ్ళ నాయనమ్మ పెళ్ళినాటి కాగితం చూపించింది. అందులో పేరు ఎల్సీ ఫ్లెట్ అని, తండ్రి జార్జ్ అనే జాలరి అని, వృత్తి హెర్రింగ్ చేపలు కోసి శుభ్రం చేయడం అని ఉంది. మా అక్క పేరు ఎల్సీ, మా నాన్న జార్జ్. చేపల పనికి దూరాన ఉన్న యార్మత్ రేవుకు రైల్లో వెళ్ళిన అక్క నుంచి యాభై ఆరేళ్ళుగా ఒక్క ఉత్తరం లేదు. పిల్లను పట్టుకుని ఏడ్చాను. ఆ పూట నుంచి నేను చిన్న నాయనమ్మను.

పక్కింటి టీనీకీ ఎల్సీ అనే అక్క ఉండేది. వాళ్ళ నాన్నా జార్జే. ఇద్దరు ఎల్సీలూ ఒకే రైలెక్కారు. మా ఊళ్ళో సగం మంది ఫ్లెట్లే కాబట్టి ఇంటిపేరుతో ఎవరినీ పోల్చుకోలేం. ప్రతి కుటుంబానికీ ఒక మారుపేరు ఉంటుంది. మాది డోసీ, టీనీ వాళ్ళది బో. కెనడా కాగితంలో అవి ఎవరు రాస్తారు? లోర్నాకు ఆ సంగతి నేను చెప్పలేదు. చెబితే ఏ ఎల్సీ అని అడుగుతుందని భయం.

టీనీకి ముగ్గురు కొడుకులు, తొమ్మిది మంది మనవలు. చర్చిలో వాళ్ళకు ఒక బెంచీ చాలదు. నాకు ఎవరూ లేరు. అందుకే మా ఊరి రేవుకు వేరే దారి ఉన్నా, లోర్నా చెయ్యి పట్టుకుని రోజూ టీనీ కిటికీ ముందు నుంచే నడిచాను.

"మా నాయనమ్మ వేలు తెగినప్పుడల్లా 'బో పిల్ల ఏడవదు' అనుకునేది," అంది లోర్నా, మేజోళ్ళు చుడుతూ. "బో ఎవరు చిన్న నాయనమ్మా? కుక్కా?"

నేను గుమ్మం పట్టుకున్నాను.

"కుక్కే," అన్నాను. "మా ఇంట్లో ఉండేది. నల్లది."

ఆ పిల్ల నవ్వి, అది పుస్తకంలో రాసుకుంది.

బస్సు దగ్గరికి టీనీ ఓట్స్ రొట్టెల పొట్లంతో వచ్చింది. "ఏమే బెతియా, నాలుగు రోజులూ పిల్లను చంకన పెట్టుకు తిరిగావు. మాకు కాస్త చూపిస్తే అరిగిపోతుందా?"

"నీకున్న వాళ్ళు చాలరా?"

"చాలరే. మా ఎల్సీ తరఫున ఒక్కరూ లేరుగా." వేళాకోళంగా మొదలైన గొంతు చివరికి సన్నబడింది. లోర్నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ గడ్డం డోసీలది కాదమ్మా. బాగుంది."

"డోసీ అంటే?" అంది లోర్నా.

"ఎక్కమ్మా, బస్సు ఆగదు," అన్నాను, సంచి నేనే లోపలికి తోస్తూ.

టీనీ చెయ్యి ఊపింది. నాకంటే ఎక్కువసేపు ఊపింది. అది కూడా నాకు గిట్టలేదు.

టీనీకి చెప్పేద్దామని దాదాపు రెండేళ్ళు అనుకున్నాను. 1981 మార్చిలో టీనీ పోయింది.

ఎల్సీ బో 1923 అక్టోబరులో వెళ్ళింది, తిరిగి రాలేదు. మా ఎల్సీ అదే రోజు వెళ్ళింది, తిరిగి రాలేదు. లోర్నా 1979 జూన్ తొమ్మిదిన వెళ్ళింది. తిరిగి రాలేదు.